మోగే వస్తువే కంప్యూటరైతే: ఆసిలేటర్లతో శబ్దాలను గుర్తించడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఇంజనీరింగ్, డిగ్రీ విద్యార్థులతో ఈ విషయం మాట్లాడినప్పుడల్లా దాదాపు ఇవే ప్రశ్నలు వస్తుంటాయి. కొన్నింటికి రెండు ముక్కల్లో జవాబు చెప్పొచ్చు. కొన్నింటికి కాస్త ఓపికగా కూర్చోవాలి.

ఆసిలేటర్ అంటే ఏమిటి?

ఒకే లయలో ముందుకీ వెనక్కీ కదిలే ఏ వస్తువైనా ఆసిలేటరే. గోడగడియారం లోలకం, వీణ తీగ, చేతి గడియారంలో సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ ముక్క, స్పీకర్ పొర, అన్నీ ఈ కోవలోవే. ప్రతిదానికీ ఒక సహజ పౌనఃపున్యం, అంటే సెకనుకు ఇన్నిసార్లని తనంతట తాను కంపించే లెక్క, ఉంటుంది. ఆ పౌనఃపున్యానికి దగ్గరగా ఉన్న కుదుపు తగిలితే గట్టిగా స్పందిస్తుంది, దూరంగా ఉన్నది తగిలితే పెద్దగా పట్టించుకోదు.

ఊగడం లెక్క చేయడం ఎలా అవుతుంది?

అసలు ప్రశ్న ఇదే. దీని దగ్గర కాస్త ఆగుదాం.

ఉయ్యాలను ఒకసారి తోసి వదిలేశారనుకోండి. ఊగుతూ ఉంటుంది. కాసేపటికి మళ్లీ తోశారు. ఇప్పుడు అది ఎంత ఎత్తుకు వెళ్తుందన్నది రెండో తోపు మీదే కాదు, మొదటి తోపు ఎంత బలంగా పడింది, మధ్యలో ఎంత సమయం గడిచింది అన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. అంటే ఈ క్షణంలో ఉయ్యాల ఉన్న స్థితిలో దాని గతం కలిసి ఉంది. ఎవరూ కాగితం మీద రాయలేదు, మెమరీ చిప్‌లో దాచలేదు. కదలికే ఆ జ్ఞాపకం.

మాట కూడా చెవికి కాలక్రమంలో వచ్చే తోపుల వరుసే. ఆ వరుసను ఒక భౌతిక వ్యవస్థకు తగిలిస్తే, అది తన స్వభావం కొద్దీ రకరకాలుగా కదులుతుంది. ఆ కదలికను చాలా చోట్ల లేదా చాలా సార్లు కొలిచి, కొలతలకు తగిన బరువులిచ్చి కూడితే ‘ఇది ఫలానా మాట’ అని చెప్పొచ్చు. ఈ పద్ధతిలో నేర్చుకునేది చివరి కూడికలోని బరువులు మాత్రమే. కదిలే వస్తువు జోలికి వెళ్లం. దీన్ని రిజర్వాయర్ కంప్యూటింగ్ అంటారు. 2001లో హెర్బర్ట్ జేగర్, 2002లో వోల్ఫ్‌గాంగ్ మాస్ బృందం వేర్వేరు దారుల్లో ఇదే ఆలోచనకు చేరుకున్నారు. అప్పట్లో రిజర్వాయర్ కూడా కంప్యూటర్ లోపలి నమూనాయే. దాని స్థానంలో నిజమైన వస్తువును పెడితే అది భౌతిక రిజర్వాయర్ అవుతుంది.

ఏ వస్తువైనా పనికొస్తుందా?

రాదు. గతం కొంతసేపు నిలవాలి, కానీ ఎప్పటికీ ఉండిపోకూడదు. స్పందన సూటిగా, అనుపాతంలో ఉండకూడదు. ఒకే శబ్దం రెండుసార్లు ఇస్తే దాదాపు ఒకేలా కదలాలి. కొలవడానికి వేర్వేరు స్పందనలు చాలానే దొరకాలి.

మొదటి షరతు ఎందుకో మన అంకెలే చెబుతాయి. రెండు, మూడు, ఏడు అని పైకి అని చూడండి. మూడూ ‘డు’తోనే ముగుస్తాయి. ఎనిమిది, తొమ్మిది చివర్లు ‘మిది’ దగ్గర కలిసిపోతాయి. మాట పూర్తయ్యే సమయానికి మొదటి అక్షరం ఆనవాలు వ్యవస్థలో ఇంకా మిగిలి ఉంటేనే ఎనిమిదినీ తొమ్మిదినీ విడదీయగలం. అలాగని నిన్నటి మాట కూడా అందులో మోగుతూ ఉంటే ఇవాళ్టి మాట చెడిపోతుంది. ఆ మధ్యస్థాయి మరుపు కోసమే ఈ రంగంలో సగం కష్టం.

గోల్కొండలో చప్పట్లు కొడితే పైన వినిపించడం కూడా ఇలాంటిదేనా?

హైదరాబాద్‌లో ఈ ప్రశ్న రాకుండా ఉండదు. మంచి ప్రశ్నే. ఫతే దర్వాజా గుమ్మటం కింద కొట్టిన చప్పట్లు దాదాపు కిలోమీటరు దూరంలో ఉన్న బాలా హిస్సార్ దగ్గర వినిపిస్తాయి. అక్కడ గోడలూ వంపులూ శబ్దాన్ని పరావర్తనం చేసి ఒక దిక్కుకు పంపుతున్నాయి. అద్భుతమైన నిర్మాణమే, కానీ మనం మాట్లాడుకుంటున్న లెక్క అక్కడ జరగట్లేదు.

కారణం ఇది. ఇద్దరు వేర్వేరుగా చప్పట్లు కొడితే పైన వినిపించేదీ, ఇద్దరూ కలిసి కొడితే వినిపించేదీ పోల్చండి. రెండోది మొదటివాటి కూడిక మాత్రమే. ప్రతిధ్వనికి జ్ఞాపకం ఉంది, కానీ అది సరళ (లీనియర్) వ్యవస్థ. ‘ముందు “ఏ” వచ్చి, తర్వాత “డు” వస్తేనే’ అనే షరతును ఉత్త కూడికలతో కట్టలేం. ముందు వచ్చినదీ తర్వాత వచ్చినదీ ఒకదానితో ఒకటి కలిసి కొత్త ఫలితం ఇవ్వాలి. అందుకు అసరళత కావాలి. గట్టిగా మోగించినప్పుడు స్పీకర్ గరగరలాడటం, వదులుగా ఉన్న స్క్రూ గలగలలాడటం, ఒక స్థాయి దాటాక ఊపు పెరగడం ఆగిపోవడం, ఇవన్నీ అసరళతలే. ఆడియో ఇంజనీర్లు వదిలించుకోవాలని చూసే లోపాలు ఇక్కడ ముడిసరుకు. ఈ రంగంలో నాకు అన్నిటికంటే నచ్చే సంగతి ఇదే.

బకెట్ నీళ్లతో మాటలు గుర్తించారట, నిజమేనా?

నిజమే. 2003లో క్రిసాంతా ఫెర్నాండో, సంప్సా సోయక్కా అనే పరిశోధకులు నీటి ఉపరితలాన్ని మోటార్లతో కదిలించి, పుట్టిన అలలను కెమెరాతో చిత్రించారు. ఇంగ్లీషులో పలికిన ‘జీరో’, ‘వన్’ మాటలను ఆ అలల చిత్రాల నుంచి వేరు చేయగలిగారు. చిత్రాన్ని చదివే భాగం చాలా సాదాసీదా పర్సెప్ట్రాన్, అంటే కొలతలకు బరువులిచ్చి కూడి జవాబు చెప్పే లెక్క. నీళ్లు ఎవరూ నేర్పకుండానే, శబ్దం తాలూకు మిశ్రమాన్ని కంటికి కనిపించేలా పరిచిపెట్టాయి.

ఇది చదివి నవ్వేసేవాళ్లున్నారు. నేను నవ్వను. కంప్యూటర్ అనగానే సిలికాన్ గుర్తొచ్చే మన అలవాటును ఇంత చవకగా, ఇంత నిజాయతీగా ప్రశ్నించిన ప్రయోగం నాకు తెలిసి మరొకటి లేదు.

2017 నాటి నానో ఆసిలేటర్ ప్రయోగంలో ఏం చేశారు?

ఫ్రాన్స్‌లో జూలీ గ్రోలియే బృందం ఇతర దేశాల పరిశోధకులతో కలిసి చేసిన ప్రయోగం అది. ‘నేచర్’ పత్రికలో వచ్చింది. వాళ్లు వాడింది స్పిన్ టార్క్ ఆసిలేటర్. రెండు అయస్కాంత పొరల మధ్య పలుచని అవాహకం ఉంటుంది. దాని గుండా కరెంటు పంపితే ఒక పొరలోని అయస్కాంత దిశ బొంగరంలా తిరుగుతుంది, ఆ తిరుగుడుకు తగ్గట్టు వోల్టేజీ ఊగుతుంది. మొత్తం వస్తువు వెడల్పు మైక్రోమీటరులో సగం కూడా ఉండదు.

ఊపు పరిమాణం కరెంటుకు సూటి అనుపాతంలో మారదు. అదే దాని అసరళత. కరెంటు మారాక కొత్త ఊపుకు చేరుకోవడానికి కొన్ని వందల నానోసెకన్లు పడుతుంది. అదే దాని జ్ఞాపకం.

ఇక్కడ అందరికీ వచ్చే సందేహం, ఒక్క ఆసిలేటర్ ఎలా సరిపోయిందని. కిటుకు కాలంలో ఉంది. శబ్దంలోని ఒక్కో చిన్న ముక్కను ముందే నిర్ణయించిన విలువలతో గుణించి, 400 మెట్లున్న వేగమైన సిగ్నల్‌గా మార్చారు. ఆసిలేటర్ ఒక మెట్టుకు పూర్తిగా సర్దుకునేలోపే తర్వాతి మెట్టు వచ్చి పడుతుంది. దాంతో ప్రతి మెట్టు దగ్గరి స్పందనలో పక్క మెట్ల ప్రభావం కలుస్తుంది. 400 మెట్ల దగ్గర తీసుకున్న కొలతలు 400 న్యూరాన్ల, అంటే రిజర్వాయర్‌లోని 400 విడివిడి భాగాల, పని చేశాయి. ఈ ఉపాయాన్ని 2011లో అప్పెల్టాంట్, మరికొందరు ఆలస్యంగా తిరిగివచ్చే ఫీడ్‌బ్యాక్ ఉన్న ఒకే ఒక్క ఎలక్ట్రానిక్ సర్క్యూట్‌తో చూపించారు. 2017 ప్రయోగం దాన్ని నానో స్థాయికి తెచ్చింది.

ఐదుగురు మహిళలు పలికిన ఇంగ్లీషు అంకెలను గుర్తించడంలో ఈ ప్రయోగం 99.6 శాతం వరకు కచ్చితత్వం చూపింది.

99.6 శాతం అంటే మాటలు గుర్తించే సమస్య తీరిపోయినట్టేగా?

తీరలేదు. ఈ సంఖ్యను ఒంటరిగా చెప్పేవాళ్లను చూస్తే నాకు ఇబ్బందిగా ఉంటుంది, ఎందుకంటే అసలు పరిశోధకులు అలా చెప్పలేదు.

ముందుగా ఆ పరీక్ష పరిధి చూడండి. పది అంకెలు, విడివిడిగా పలికినవి, శుభ్రమైన రికార్డింగులు. అమీర్‌పేట చౌరస్తాలో ఆటో డ్రైవర్‌తో మీరు మాట్లాడే వాక్యానికీ దానికీ చాలా దూరం ఉంది.

ఇంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి. శబ్దాన్ని ఆసిలేటర్‌కు ఇచ్చే ముందు మామూలు కంప్యూటర్‌లో పౌనఃపున్యాలుగా విడగొట్టారు. 99.6 శాతం వచ్చింది చెవి లోపల నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కాక్లియాను అనుకరించే ఫిల్టర్‌తో. ఆ ఫిల్టర్ తనంతట తానే అసరళం, అంకెలను వేరు చేయడంలో చాలా పని అదే చేసేస్తుంది. అందుకే అదే పత్రంలో సరళమైన స్పెక్ట్రోగ్రామ్‌తో (ఏ క్షణంలో ఏ పౌనఃపున్యం ఎంత ఉందో చూపే పట్టిక) కూడా ఫలితాలిచ్చారు. అక్కడ కచ్చితత్వం తక్కువ, కానీ అందులో ఆసిలేటర్ వాటా ఎక్కువ. నా దృష్టిలో ఆ రెండో ఫలితమే విలువైనది.

కాబట్టి ఇలాంటి పరిశోధన గురించి ఎక్కడ చదివినా ఒక్క ప్రశ్న అడగండి: ఆసిలేటర్‌ను తీసేసి, మిగతాదంతా అలాగే ఉంచితే ఎంత వస్తుంది? ఆ రెండు సంఖ్యల మధ్య తేడాయే ఆ వస్తువు చేసిన లెక్క. తేడా చెప్పని పత్రాన్ని నేను సగమే నమ్ముతాను.

వేగం సంగతి కూడా ఉంది. నానో ఆసిలేటర్ జ్ఞాపకం నానోసెకన్లలో ఉంటే, మనం పలికే ఒక అక్షరం సెకనులో పదో వంతు, ఐదో వంతు పడుతుంది. మాట మధ్యకు వచ్చేసరికి దాని మొదలును ఆసిలేటర్ ఎప్పుడో మరిచిపోయి ఉంటుంది. అందుకే ముందే రికార్డు చేసిన శబ్దాన్ని ఎన్నో రెట్లు వేగంగా దానికి తినిపిస్తారు. మైక్ ముందు మాట్లాడుతుంటే అప్పటికప్పుడు వినే పరికరం కావాలంటే నెమ్మదిగా మరిచిపోయే ఆసిలేటర్లు కావాలి. సూక్ష్మ యాంత్రిక కంపకాల మీద ఆసక్తి పెరగడానికి ఇదొక కారణం.

అచ్చులను గుర్తించిన నాలుగు ఆసిలేటర్ల ప్రయోగం వేరా?

వేరే. దాని పద్ధతే భిన్నం. మీగెల్ రొమేరా, గ్రోలియే, మరికొందరు 2018లో చేసింది సింక్రనైజేషన్ మీద, అంటే లయ కలవడం మీద, నడుస్తుంది. దగ్గర దగ్గర పౌనఃపున్యాలున్న ఆసిలేటర్లు ఒకదానితో ఒకటి లయ కలుపుకోవడాన్ని 1665లోనే క్రిస్టియాన్ హైగెన్స్ లోలక గడియారాల్లో గమనించాడు.

అచ్చు పలికేటప్పుడు గొంతు, నోటి కుహరం ఆకారాన్ని బట్టి కొన్ని పౌనఃపున్యాలు బలపడతాయి. వాటిని ఫార్మంట్లు అంటారు. ‘ఈ’లో మొదటి ఫార్మంట్ బాగా కింద, రెండోది బాగా పైన ఉంటుంది. ‘ఊ’లో రెండూ కిందే. ‘ఆ’లో మొదటిది పైకి లేస్తుంది. పరిశోధకులు అచ్చు నుంచి తీసిన పౌనఃపున్యాలను కలిపి రెండు మైక్రోవేవ్ సిగ్నళ్లుగా మార్చి, ఒకదానితో ఒకటి జతపడిన నాలుగు ఆసిలేటర్లకు ఇచ్చారు. ఏ ఆసిలేటర్ ఏ సిగ్నల్‌తో లయ కలిపిందన్నదే జవాబు. ఏడు ఇంగ్లీషు అచ్చులను దాదాపు 90 శాతానికి దగ్గరగా గుర్తించగలిగారు.

ఇందులో నేర్పడం ఎలాగంటే, తప్పు జవాబు వచ్చినప్పుడల్లా ఒక్కో ఆసిలేటర్‌కు వెళ్లే కరెంటును కొంచెం మార్చారు. కరెంటు మారితే సహజ పౌనఃపున్యం జరుగుతుంది. అంటే ఇక్కడ శిక్షణ అక్షరాలా శ్రుతి చేయడమే. రిజర్వాయర్ పద్ధతిలో వస్తువు జోలికి వెళ్లమన్నాను కదా, ఇందులో వస్తువే నేర్చుకుంటుంది.

ఇదంతా మన చెవి చేసే పనే కదా?

చాలావరకు అవును. కాక్లియా లోపల చుట్టలు చుట్టుకున్న పొర పొడవు సుమారు 35 మిల్లీమీటర్లు. దాని మొదట్లో ఎక్కువ పౌనఃపున్యాలకు, చివర్లో తక్కువ పౌనఃపున్యాలకు స్పందన ఉంటుంది. శబ్దం ఆ పొర మీద అలలా ప్రయాణిస్తుందని చూపినందుకు గేయోర్గ్ ఫాన్ బేకేషికి 1961లో నోబెల్ వచ్చింది. అయితే ఆయన పరిశీలించింది మృతదేహాల చెవులు. బతికున్న చెవి ఇంకా చాలా చురుకైనది. చెవి తన సొంత శక్తితో కంపనాలను పెంచుకుంటుందని థామస్ గోల్డ్ 1948లోనే వాదించాడు. మూడు దశాబ్దాల పాటు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1978లో డేవిడ్ కెంప్ చెవి నుంచి బయటికి వచ్చే శబ్దాలను మైక్రోఫోన్‌తో పట్టుకున్నాడు. ఇవాళ పుట్టిన బిడ్డకు ఆసుపత్రిలో చేసే వినికిడి పరీక్షల్లో ఒకటి ఆ శబ్దాల ఆధారంగానే నడుస్తుంది.

చెవిలోని రోమ కణాలు తమంతట తాము ఊగడం మొదలుపెట్టే అంచున నిలిచి ఉంటాయని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. ఆ అంచున ఉన్న ఆసిలేటర్ చిన్న శబ్దాన్ని బాగా పెంచుతుంది, పెద్ద శబ్దాన్ని తక్కువగా పెంచుతుంది. గుసగుస నుంచి బోనాల డప్పుల దాకా ఒకే చెవి వినగలగడానికి ఇదే మూలం.

వస్తువు స్పందనను మనం కోరినట్టు మలచడం సాధ్యమేనా?

మన వాద్యకారులు శతాబ్దాలుగా చేస్తున్నారు. మామూలుగా బిగించిన గుండ్రటి చర్మాన్ని కొడితే వచ్చే పౌనఃపున్యాలు ఒకదానికొకటి పూర్ణాంక నిష్పత్తిలో ఉండవు. అందుకే చాలా డోళ్లకు స్పష్టమైన శ్రుతి వినిపించదు. మృదంగం, తబలాల్లో మధ్యన వేసే నల్లని మచ్చ ఆ పౌనఃపున్యాలను పూర్ణాంక నిష్పత్తుల దగ్గరికి లాగుతుంది. 1920లో సి.వి. రామన్ తన సహ పరిశోధకుడితో కలిసి ‘నేచర్’లో ఈ సంగతి రాశారు, 1934లో మరింత వివరంగా ప్రచురించారు. ఆ మచ్చ మందాన్ని పొరపొరగా సర్దడం ఒక భౌతిక వ్యవస్థకు ప్రవర్తన నేర్పడమే. కంపకాలతో పనిచేసే విద్యార్థులు రామన్ రాసినవి ఒకసారైనా చదవాలని నా కోరిక.

ఈ పనిని కంప్యూటర్ సాయంతో చేసే దారి 2022లో బాగా తెరుచుకుంది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో లోగన్ రైట్, పీటర్ మెక్‌మాన్ బృందం న్యూరల్ నెట్‌వర్కులకు నేర్పడానికి వాడే బ్యాక్‌ప్రాపగేషన్‌ను (చివర వచ్చిన తప్పును వెనక్కి లెక్కిస్తూ సరిదిద్దే పద్ధతి) నిజమైన వస్తువులకు వర్తింపజేసింది. ముందుకు వెళ్లే లెక్క వస్తువు చేస్తుంది, తప్పును సరిదిద్దే లెక్క దాని డిజిటల్ నమూనా చేస్తుంది. స్పీకర్‌కు బిగించిన టైటానియం పలకతో చేతిరాత అంకెలను, లేజర్ కాంతితో పలికిన అచ్చులను గుర్తించారు. శబ్దపు పరికరం బొమ్మల్ని, కాంతి శబ్దాన్ని గుర్తించాయన్నమాట.

ఆసిలేటర్లతో కంప్యూటర్ అనేది కొత్త ఆలోచనా?

కాదు. 1954లో జపాన్‌లో ఎయిచి గోతో పారామెట్రాన్ కనిపెట్టాడు. ఊపు ఏ దశలో ఉందన్నదాన్ని బట్టి సున్నా, ఒకటి. వాటితో పూర్తి కంప్యూటర్లే కట్టారు. ట్రాన్సిస్టర్లు వేగంగా, చవకగా మారాక అవి పక్కకు తప్పుకున్నాయి.

ఫోన్లలోకి ఎప్పుడు వస్తుంది?

తేదీ చెప్పడం సరికాదు. ముందుగా పనికొచ్చేది ఎక్కడో మాత్రం చెప్పొచ్చు. బ్యాటరీ మీద నెలల తరబడి మెలకువగా ఉండి, ఒక్క రకం శబ్దం కోసం చెవి ఒగ్గి ఉండాల్సిన చోట. మోటారు బేరింగ్ అరిగిన చప్పుడు, పైపు లీకైన చప్పుడు, అద్దం పగిలిన చప్పుడు. మామూలు చిప్‌లో మెమరీకీ ప్రాసెసర్‌కీ మధ్య అంకెల్ని అటూ ఇటూ మోయడానికే చాలా విద్యుత్తు పోతుంది. ఆసిలేటర్‌లో ఆ మోత ఉండదు. అయితే కొలతలు తీసి అంకెలుగా మార్చే సర్క్యూట్ కరెంటును కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆసిలేటర్ ఒక్కదాని ఖర్చు చూపించి మురిసిపోవద్దు. వేడికి పౌనఃపున్యం జరిగిపోవడం, ఒకే అచ్చులో పోసిన రెండు పరికరాలు ఒకేలా లేకపోవడం కూడా తీరని సమస్యలే. మే నెల హైదరాబాద్ ఎండలో డాబా మీద పెట్టే సెన్సార్‌కు ఇది చిన్న విషయం కాదు.

తెలుగుకు ప్రత్యేకంగా ఏం ఆలోచించాలి?

నిడివి. కలం, కాలం మధ్య ప్రధానమైన తేడా అచ్చు ఎంతసేపు సాగిందన్నదే. నాలుగు ఆసిలేటర్ల ప్రయోగంలా పౌనఃపున్యాలు మాత్రమే చూసే పరికరం ఇలాంటి జంటల దగ్గర చిక్కుకుంటుంది. జ్ఞాపకం ఉన్న రిజర్వాయర్‌కు ఇక్కడ సహజంగానే మొగ్గు ఉంటుంది. ఒత్తులు కూడా అంతే. అడు, అడ్డు అని పలికి చూడండి, మధ్యలో నాలుక గాలిని ఎంతసేపు ఆపి ఉంచిందన్నదే కీలకం. ఇంగ్లీషు అంకెల మీద వచ్చిన ఫలితాలను చూసి తెలుగుకు అదే వస్తుందనుకోవడం తొందరపాటు. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీలో స్పీచ్ మీద ఎన్నో ఏళ్లుగా పరిశోధన జరుగుతోంది. తెలుగు మాటల స్వభావం గురించి తెలిసినవాళ్లూ ఆసిలేటర్లు చేసేవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఇంట్లో చేసి చూడొచ్చా?

తప్పకుండా. కోఠి గుజరాతీ గల్లీలో ఒక చిన్న స్పీకర్, దానికి సరిపడా ఆంప్లిఫయర్ బోర్డు, రెండు మూడు పీజో డిస్కులు (కంపనాన్ని వోల్టేజీగా మార్చే బిళ్లలు) తీసుకోండి. స్పీకర్ మధ్యలో ఒక పలుచని స్టీలు పళ్లెం అంటించి, పళ్లెం మీద వేర్వేరు చోట్ల పీజో డిస్కులు అతికించండి. ఇంట్లో వాళ్ల చేత ఒకటి నుంచి పది వరకు చాలాసార్లు చెప్పించి ఫోన్‌లో రికార్డు చేయండి. ఆ రికార్డింగులను స్పీకర్‌లో మోగిస్తూ పీజోల సిగ్నళ్లను యూఎస్‌బీ సౌండ్ కార్డు ద్వారా లాప్‌టాప్‌లోకి తీసుకోండి. సౌండ్ కార్డుకు ఒకే మైక్ ఇన్‌పుట్ ఉంటే, అవే రికార్డింగులను మళ్లీ మోగించి ఒక్కో డిస్కు సిగ్నల్ విడిగా తీయొచ్చు. పీజోను గట్టిగా తడితే వోల్టేజీ ఎక్కువ వస్తుంది కాబట్టి అడ్డంగా ఒక రెసిస్టర్ పెట్టండి. ఒక్కో మాటను చిన్న చిన్న కాలపు ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్కలో శక్తి ఎంతో లెక్కించి, పైథాన్‌లో రిడ్జ్ రిగ్రెషన్ (కొలతలకు తగిన బరువులు లెక్కగట్టే పద్ధతి) నడపండి.

మెల్లగా మోగిస్తే పళ్లెం దాదాపు సరళంగానే ఉంటుంది. శబ్దం పెంచి చూడండి. పళ్లెం అంచున ఒక వదులు నట్టు పెట్టి, అది గలగలలాడేలా చేసి చూడండి. ఏ స్థాయిలో ఫలితం మెరుగై, ఏ స్థాయి దాటాక చెడిపోతుందో గ్రాఫు గీయండి.

శిక్షణకు వాడిన గొంతును పరీక్షకు వాడొద్దు. అమ్మ, అన్నయ్య గొంతులతో నేర్పి నాన్నగారి గొంతుతో పరీక్షించండి. చివరగా, పళ్లెం లేకుండా ఫోన్ రికార్డింగునే నేరుగా తీసుకుని, అవే ముక్కలు, అదే రిగ్రెషన్‌తో మళ్లీ నడపండి. రెండు ఫలితాలనూ ఒకే పట్టికలో పక్కపక్కన రాయండి.